పెట్టెలో తెచ్చే తిండి: విదేశాల్లోని పడమటి ప్రకాశం వాళ్ళకు బహిరంగ లేఖ

మార్కాపురం, గిద్దలూరు, కంభం, యర్రగొండపాలెం, కనిగిరి, పొదిలి వైపు పల్లెల నుంచి వెళ్ళి కువైట్‌లో, దుబాయ్‌లో, మస్కట్‌లో, డల్లాస్‌లో, టొరంటోలో, సింగపూర్‌లో, మెల్‌బోర్న్‌లో ఉంటున్న అన్నలకు, అక్కలకు, పిల్లలకు,



సంక్రాంతికో, రంజాన్‌కో, చెల్లెలి పెళ్ళికో మీరు వస్తారు. టికెట్టు తీసిన రోజు నుంచి ఫోన్లో మీది ఒకటే ప్రశ్న: "ఏం తెమ్మంటావమ్మా?" ఇటునుంచి ఒకటే జవాబు: "ఏమొద్దు నాయనా, నువ్వొస్తే అదే పదివేలు." ఆ మాట పట్టుకొని ఖాళీ పెట్టెతో దిగినవాళ్ళు ఇంతవరకు లేరు. ఫలానాది తెమ్మని నోరు విప్పి అడిగిన తల్లీ లేదు. దాంతో ఆఖరి నిమిషంలో ఎయిర్‌పోర్టు షాపులో నాలుగు చాక్లెట్ డబ్బాలు సంచిలో పడతాయి. మీ అమ్మలకున్న మొహమాటం నాకు లేదు కాబట్టి ఈ ఉత్తరం రాస్తున్నాను. సెంటు సీసాలు, వాచీలు, ఫోన్లు మీ ఇష్టం, వాటి జోలికి రాను. తినేవాటి సంగతే మాట్లాడతాను.

ముందు చాక్లెట్ లెక్క తేల్చేద్దాం. చాక్లెట్‌కు ప్రాణం కోకో వెన్న. అది 34 డిగ్రీల దగ్గర కరుగుతుంది, అందుకే నోట్లో వేసుకోగానే జారిపోతుంది. మార్కాపురంలో మే నెల వస్తే ఆ 34 డిగ్రీలు పొద్దున టిఫిన్ వేళకే దాటిపోతాయి. మీరు శంషాబాద్‌లో దిగి, పెట్టెలు కారు మీద కట్టించుకొని, సాగర్, మాచర్ల మీదుగానో శ్రీశైలం రోడ్డునో ఇల్లు చేరేసరికి పూట గడిచిపోతుంది. శ్రీశైలం దారికి మరో తిరకాసు కూడా ఉంది. నల్లమలలో పులుల కోసం రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా మన్ననూరు, దోర్నాల గేట్లు మూస్తారు. వేళ తప్పితే తెల్లారేదాకా గేటు దగ్గర పడిగాపులే. ఈలోగా పెట్టెలోని చాక్లెట్ ఒకసారి కరిగి, తెల్లవారుజాము చల్లదనానికి గడ్డకట్టి, ఎండెక్కాక మళ్ళీ కరుగుతుంది. ఇంటికొచ్చి విప్పితే పైన తెల్లటి పొర. అది బూజు కాదు, కరిగిన కోకో వెన్న పైకి తేలి పేరుకున్నది. తింటే ఏమీ కాదు. ఆ మాట మీ మేనత్తకు నచ్చజెప్పేదెవరు? "పాచిపోయినవి తెచ్చాడంట" అన్న కబురు అప్పటికే వీధి చివరికి చేరి ఉంటుంది.

పైగా అవన్నీ ఇప్పుడు ఇక్కడ దొరుకుతున్నాయి. బంగారు రంగు కాగితంలో చుట్టిన ఫెరెరో రోషే ఉండలు మహారాష్ట్రలోని బారామతి ఫ్యాక్టరీలో తయారై, అక్కడి నుంచి బయటి దేశాలకు కూడా వెళుతున్నాయి. మీరు డల్లాస్ నుంచి మోసుకొచ్చే బాదంపప్పు కాలిఫోర్నియాది. మన కిరాణా కొట్లో తూకానికి అమ్మే బాదం కూడా ఎక్కువగా కాలిఫోర్నియాదే. ప్రపంచంలో పండే బాదంలో 80 శాతం దాకా ఆ ఒక్క రాష్ట్రానిది, అది దేశం దాటాక అందరికన్నా ఎక్కువ కొనేది మనమే. రెండు కిలోల బరువు బాదం మీద పెట్టేముందు ఇది గుర్తుంచుకోండి.

ఇరవై, ముప్పై ఏళ్ళ కిందట సంగతి వేరు. అప్పట్లో కువైట్ నుంచి వచ్చిన నిడో పాలడబ్బా, ట్యాంగ్ సీసా ఉన్న ఇల్లంటే వీధిలో ఒక హోదా. డబ్బా ఖాళీ అయినా పారేసేవాళ్ళు కాదు. అందులో కందిపప్పు పోసి, పేరు బయటికి కనబడేట్టు అలమరలో పెట్టేవాళ్ళు. ఆ డబ్బాలు ఇప్పటికీ కొన్ని ఇళ్ళల్లో ఉన్నాయి, తుప్పు పట్టి, మూత బిగుసుకుపోయి. ఇప్పుడు ట్యాంగ్ ప్యాకెట్లు బస్టాండు కొట్లో దండల్లా వేలాడుతున్నాయి.

మీ కళ్ళలో మాత్రం ఇల్లు మీరు వెళ్ళిన రోజు ఎట్లా ఉందో అట్లాగే ఉంటుంది. చెల్లెలి పిల్లలు చాక్లెట్ కోసం ఎగబడుతుంటారు, నాయన అరుగు మీద కూర్చుని శెనక్కాయలు ఒలుస్తుంటాడు. ఆ పిల్లలు ఇప్పుడు హైదరాబాద్‌లోనో ఒంగోలులోనో హాస్టళ్ళలో ఉన్నారు. ఇంట్లో మిగిలింది పెద్దవాళ్ళిద్దరు. ఒకరికి షుగరు, ఒకరికి బీపీ, చాలా ఇళ్ళల్లో ఇద్దరికీ రెండూ. కనిగిరి, పొదిలి, మార్కాపురం వైపు బోరు నీళ్ళలో ఫ్లోరైడ్ సంగతి మీకు నేను చెప్పాలా? ఆ నీళ్ళు తాగి పెరిగిన తరం పళ్ళు గట్టి టాఫీకి తట్టుకోవు. మీ డబ్బా ఫ్రిజ్ మీదికి ఎక్కుతుంది. "పిల్లలొస్తే పెడదాం" అని మీ అమ్మ దాస్తుంది. పిల్లలు దసరాకు వస్తారు, అప్పటికి గడువు తీరిపోతుంది. మీ అమ్మకు పారేయడానికి చేతులు రావు. చివరికి దానికి దారి చూపేది చీమలు.

ఇక లేబుల్. మన దగ్గర అమ్మే ప్యాకెట్టు మీద పచ్చ చుక్క ఉందా లేదా అని మీ అమ్మ కళ్ళజోడు పెట్టుకొని చూస్తుంది. అమెరికాలో కొన్న ప్యాకెట్టు మీద ఆ చుక్కే ఉండదు. రంగురంగుల జెల్లీ బొమ్మలు, మెత్తటి మార్ష్‌మెల్లోలు జెలటిన్‌తో బిగుసుకుంటాయి. జెలటిన్ అంటే పంది తోలు, పశువుల తోలు, ఎముకలు ఉడికించి తీసిన జిగురు. ఆ ఒక్క ప్యాకెట్టుతో పక్కింటి అయ్యవారికి, ఎదురింటి శెట్టిగారికి, వెనకింటి మస్తాన్ భాయ్‌కి ముగ్గురికీ పనికిరాని సరుకు తెచ్చినట్టవుతుంది. హలాల్ ముద్ర ఉంటే మస్తాన్ భాయ్ బెంగ తీరుతుంది, మిగతా ఇద్దరిదీ తీరదు. ఎర్రటి మిఠాయి మీద ఇ120 అని రాసి ఉంటే అది కోచినీల్ పురుగుల నుంచి తీసిన రంగు. 'వెజిటేరియన్' అన్న ముద్ర చూసి కూడా నిశ్చింతగా ఉండకండి, అక్కడివాళ్ళ లెక్కలో గుడ్డు శాకాహారమే. సింగపూర్ నుంచి చాలామంది తెచ్చే కాయా జామ్‌లో కొబ్బరిపాలు, చక్కెరతో పాటు గుడ్లు పడతాయి. జపాన్ చిరుతిళ్ళలో చాలావాటికి చేప రసం పొడి తగులుతుంది. లోపల మందు నింపిన చాక్లెట్లు కూడా ఉంటాయి. వాటిని తెలియక భజన మండలి పెద్దలకు పంచిపెట్టిన మహానుభావులు మన ఊళ్ళల్లో ఉన్నారు. పెద్దలు బాగున్నాయని మళ్ళీ అడిగారట, అది వేరే సంగతి.

ఇంత చెప్పాక, మరేం తేవాలి అంటారు. దానికి ముందు కాస్త వెనక్కి వెళ్ళొద్దాం. బయటి దేశం నుంచి వచ్చి మన దగ్గర నిలిచిపోయిన తిండి ఏదో చూడండి. మిరపకాయ పోర్చుగీసువాళ్ళు 16వ శతాబ్దంలో ఓడల మీద దించిన అమెరికా ఖండపు సరుకు. శెనక్కాయది కూడా ఆ ఖండమే. నల్లమలలో చెంచులు కోసుకొచ్చి దోర్నాల రోడ్డు పక్కన గంపల్లో పెట్టి అమ్మే సీతాఫలం, పేరు చూసి మన పురాణాల నాటిదనుకుంటాం, దాని పుట్టిల్లూ అటే. ఇవేవీ అలమరలో కూర్చోలేదు. రోట్లో పడ్డాయి, పొయ్యి ఎక్కాయి, చేలోకి దిగాయి. రాగి సంగటిలో శెనక్కాయ పచ్చడి నంజుకునేవాడికి అది పరాయి దేశపు తిండి అని ఎవరైనా చెబితే నవ్వుతాడు.

వచ్చి ఇమడనివీ ఉన్నాయి. నా ఈడు వాళ్ళకు బళ్ళో పెట్టిన పసుపుపచ్చ ఉప్మా గుర్తుంటుంది. అమెరికా 1954లో చేసిన పీఎల్-480 చట్టం పుణ్యమా అని మొక్కజొన్న, సోయా కలిపిన పిండి, గోధుమ రవ్వ, వంటనూనె కేర్ సంస్థ ద్వారా మన పల్లె బళ్ళ దాకా వచ్చేవి. బస్తా మీద రెండు చేతులు కలుపుకున్న బొమ్మ. ఆకలి మీద ఆవురావురుమంటూ తిన్నాం, కొందరైతే ఆ ఉప్మా కోసమే బడికొచ్చారు. కానీ ఆ సరుకు ఆగిపోయాక ఆ ఉప్మాను ఇంట్లో ఏ తల్లీ చేయలేదు. అది పెట్టిన తిండి, మనం అడిగి నేర్చుకున్న తిండి కాదు. మిగిలినవల్లా ఆ నూనె డబ్బాలు. వాటితో నీళ్ళు తోడుకున్నాం.

అందుకని నేననేది, మీ అమ్మ వంటలోకి దిగగలిగేది తెండి. విప్పి, తలా ఒకటి తిని, మూత పెట్టేసేది కాకుండా.

ఈ విషయంలో గల్ఫ్ ఇళ్ళల్లో వంట చేస్తున్న మన అక్కలకు తెలిసినంత డాలర్లు సంపాదించే ఇంజనీర్లకు తెలియదు. గిద్దలూరులో మాకు తెలిసిన ఒకామె ఉంది. కువైట్‌లో ఒకే ఇంట్లో ఏళ్ళ తరబడి వంట చేసింది. శుక్రవారం వస్తే ఆ ఇంటి బంధుబలగం మొత్తానికి పెద్ద పళ్ళెంలో మచ్బూస్ అనే మసాలా అన్నం వండి వార్చిన చెయ్యి. సెలవుకు వచ్చినప్పుడల్లా మాత్రం అందరిలాగే చాక్లెట్లు, పాలపొడి. ఆమె వండేది ఏమిటో సొంత పిల్లలకు తెలియదు. ఒకసారి కొడుకే పట్టుబట్టాడు, "నువ్వు అక్కడోళ్ళకు పెట్టేది మాకూ పెట్టమ్మా" అని. మరుసటిసారి ఆమె పెట్టెలో చిన్న సంచి ఒకటి అదనంగా వచ్చింది. లోపల నల్లటి కాయలు, గోలీల కన్నా కాస్త పెద్దవి, చేతిలో బరువే తెలియవు, ఊపితే గింజలు గలగలమంటాయి. అవి ఎండు నిమ్మకాయలు. అరబ్బులు లూమీ అంటారు. నిమ్మకాయల్ని ఉప్పునీళ్ళలో ఉడికించి, ఎండలో పడేసి, లోపలి గుజ్జు నల్లబడి పెళుసెక్కేదాకా ఉంచుతారు. ఒమన్ వాటికి పేరు.

ఆమె మచ్బూస్ వండుతుంటే చూశాను. ఉల్లిగడ్డలు ఎర్రగా వేయించింది. దాల్చినచెక్క, లవంగాలు, యాలకులు, ధనియాలు, మిరియాలు మనవే. కోడి ముక్కలు వేసి, రెండు లూమీలకు కత్తి మొనతో తూట్లు పొడిచి నీళ్ళలో వదిలింది. కోడి ఉడికాక ముక్కలు పక్కకు తీసి, ఆ రసంలోనే బియ్యం పోసింది. సోనామసూరి దీనికి పనికిరాదట, పొడుగు బియ్యమే ఉండాలట. మూత తీస్తే వచ్చిన వాసన బిరియానీది కాదు, పులిహోరదీ కాదు. పాత నిమ్మకాయ ఊరగాయ జాడీ మూత తీసినప్పటి పులుపు, దానికి కాస్త పొగ వాసన కలిసినట్టు. కొడుకు రెండోసారి పెట్టించుకున్నాడు. అత్తగారు ఒక ముద్ద తిని, "కారమేదే?" అంది. ఆవిడ విస్తట్లోకి మిరప్పొడి రావాల్సి వచ్చింది. ఆ పూట ఆ ఇంట్లో తిన్నదాన్ని మించిన కువైట్ కానుక నేను చూడలేదు. అందులో అక్కడి నుంచి వచ్చింది రెండు ఎండుకాయలు, ఒక చేతివాటం.

మిగిలిన లూమీల్లో ఒకటి నేనడిగి తీసుకున్నాను. పప్పుచారులో చింతపండు సగానికి తగ్గించి, లూమీని పగలగొట్టి, గింజలు తీసేసి వేయాలి. గింజలుంటే చేదు దిగుతుంది. కంది కట్టు, లూమీ పులుపు, ఇంగువ తాలింపు: ఈ మూడూ పోట్లాడుకోలేదు. మీ అమ్మలు తప్పక ప్రయత్నించాల్సిన వంట ఇది, రాసిపెట్టుకోండి.

గల్ఫ్‌లో ఇట్లాంటివి ఇంకా ఉన్నాయి. జాతర్ పొడి అంటే వాము వాసన వచ్చే ఒక ఎండు ఆకు, నువ్వులు, సుమాక్ అనే పుల్లటి ఎర్ర పొడి, ఉప్పు. అక్కడివాళ్ళు నూనెలో కలిపి రొట్టె మీద రాస్తారు. వేడి జొన్నరొట్టె మీద ఇంత శెనగనూనె, ఇంత జాతర్ రాసి చూడండి. నువ్వుల పొడి, నల్లకారం తెలిసిన నాలుకకు అది పరాయిది అనిపించదు. బొరుగుల్లో కలిపినా బాగుంటుంది. సుమాక్ విడిగా దొరికితే పచ్చి ఉల్లిగడ్డ చక్రాల మీద చల్లుకోవచ్చు. మస్కట్ వాళ్ళకైతే ఒమన్ హల్వా ఉంది. పిండి, చక్కెర, నెయ్యి, యాలకులు, కుంకుమపువ్వు, పన్నీరు కలిపి రాగి గిన్నెలో గంటల తరబడి తిప్పుతూ వండుతారు. గుడ్డు లేదు, జెలటిన్ లేదు, ఫ్రిజ్ అక్కర్లేదు, పళ్ళు లేని తాత కూడా తినగలడు. చాక్లెట్ డబ్బా ఖరీదులో అది వస్తుంది. ఇస్తాంబుల్ మీదుగా వచ్చేవాళ్ళకు టర్కీ లోకుమ్ కూడా ఆ జాతిదే. దానికి బిగువునిచ్చేది మొక్కజొన్న గంజి. షుగరు వాళ్ళకు మాత్రం ఈ రెండూ చూపించడమే కానీ పెట్టడానికి లేదు.

కుంకుమపువ్వు గురించి ఒక మాట. కోడలు నీళ్ళోసుకుందని తెలియగానే దుబాయ్‌కి ఫోన్ పోతుంది, కుంకుమపువ్వు తెమ్మని. బిడ్డ రంగుకీ దానికీ సంబంధం లేదు, అది పాత నమ్మకం. పరమాన్నంలోకి మాత్రం దానికి సాటి లేదు. కిలో కుంకుమపువ్వుకు సుమారు లక్షన్నర పూలు కావాలి, అందుకే అంత ధర, అందుకే అన్ని నకిలీలు. కొనేముందు ఒక రేకు నీళ్ళలో వేసి చూడండి. అసలుదైతే పసుపు రంగు నింపాదిగా దిగుతుంది, రేకు ఎర్రగానే ఉంటుంది. వేసిన వెంటనే నీళ్ళు ఎర్రబారి రేకు తెల్లబోతే, అది రంగేసిన పీచు.

ఖర్జూరం దగ్గర నాకు ఎవరితోనూ పేచీ లేదు. కంభంలో, గిద్దలూరులో, మార్కాపురంలో హజ్‌కో ఉమ్రాకో వెళ్ళొచ్చిన ఇంటి తీరు చూడండి, పంచడమంటే ఏమిటో తెలుస్తుంది. ఐదు లీటర్ల జమ్‌జమ్ నీళ్ళ డబ్బా, కొన్ని కిలోల ఖర్జూరం. వాటితో వీధి మొత్తానికి సరిపెడతారు. నీళ్ళు గుక్కెడు గుక్కెడు, కాయలు రెండో మూడో. హిందువుల ఇళ్ళకూ వస్తాయి, కళ్ళకద్దుకొని తింటారు. ఎంత తెచ్చారని ఎవరూ అడగరు. మదీనా అజ్వా నల్లగా, ముడతలు పడి, అంత తీపి లేకుండా ఉంటుంది. ఖసీం వైపు సుక్కరీ బంగారు రంగులో, పేరుకు తగ్గట్టు చక్కెర పాకం. ప్రయాణానికి ఆరినవి మంచివి. రసం కారే మెత్తటి రకాలు చలవలో ఉంచాలి, మన రోడ్ల మీద వేడికి పులిసిపోతాయి. పైగా ఇరాన్ మెత్తటి ఖర్జూరం డబ్బాలు రంజాన్ నెలలో మన తోపుడు బండ్ల మీదికే వస్తున్నాయి.

అమెరికా వాళ్ళారా, మీ సంగతి. డల్లాస్‌లో ఉన్నారంటే మీ చుట్టూ పెకాన్ చెట్లున్నాయి. టెక్సస్ రాష్ట్ర వృక్షమే పెకాన్. అక్రోటుకు చుట్టం, కానీ దానంత వగరు లేదు. మన ఊళ్ళ కొట్లలో కనబడదు. ఉప్పు, మిరప్పొడి పట్టించి పెనం మీద వేయిస్తే మీ నాయన శెనక్కాయలు పక్కన పెట్టి ఇటు చెయ్యి చాస్తాడు. నూనె ఎక్కువ కాబట్టి తొందరగా సిక్కువాసన పడుతుంది, ఫ్రిజ్‌లో పెట్టమని చెప్పండి. కెనడా వాళ్ళు మేపుల్ సిరప్ తెండి. చలికాలం చివర చెట్టుకు తూటు పొడిచి, కారిన నీళ్ళలాంటి రసాన్ని మరిగిస్తే 40 లీటర్లకు ఒక లీటరు వస్తుంది. దోసె మీద పోసుకోవచ్చు. చేతిసంచిలో పెట్టకండి, 100 మిల్లీలీటర్లు దాటిన సీసాను తనిఖీలోనే ఆపేస్తారు. న్యూజిలాండ్ నుంచి వేలు పోసి మనూకా తేనె తెచ్చేవాళ్ళను చూస్తే మాత్రం నాకు నవ్వొస్తుంది. చెంచులు నల్లమల కొండల మీంచి దించిన తేనె తినే ఊరికి తేనె తేవడమేమిటి?

సింగపూర్, మలేషియా, థాయిలాండ్ వాళ్ళు ఎండబెట్టిన పనస, మామిడి ముక్కలు చూడండి. శ్రీలంక మీదుగా వస్తే అసలు దాల్చినచెక్క. అది కాగితం పొరల్లా చుట్టుకొని ఉంటుంది, మన కొట్లో దొరికే మందపాటి చెక్క వేరే జాతి. పావుకిలో తెస్తే మీ అమ్మకు ఏడాది మసాలా.

పంచే సంగతి మీరు తేలిగ్గా తీసుకుంటారు. మీ లెక్కలో మేనమామ, పిన్ని, స్నేహితులు ఉంటారు. మీ అమ్మ లెక్క వేరు. పాలు పోసే ఆమె, నీళ్ళ డబ్బా వేసే అబ్బాయి, మొన్న జ్వరమొస్తే ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్ళినాయన, మీరు లేనప్పుడు సిలిండర్ మోసిచ్చిన పక్కింటి పిల్లవాడు. వీళ్ళకు ఇవ్వకుండా మీ అమ్మ ఒక్కటి నోట్లో వేసుకోదు. అందువల్ల ఖరీదైన చిన్న డబ్బా ఆమెకు ఇబ్బంది. విడదీసి పంచగలిగేది కావాలి. జపాన్ వాళ్ళకు ఈ తెలివి బాగా ఉంది. ఏ ఊరు వెళ్ళినా ఆ ఊరి మిఠాయి తెచ్చి ఆఫీసులో అందరికీ పంచడం వాళ్ళకు ఆనవాయితీ. అందుకే రైల్వేస్టేషన్లలో అమ్మే పెట్టెల్లో ఒక్కొక్క బిస్కెట్‌కూ విడిగా కవరు చుట్టి, లోపల ఎన్నున్నాయో పైన రాస్తారు. కొనేవాడు ముందు తలలు లెక్కపెట్టుకుంటాడు. మీరూ లెక్కపెట్టుకోండి.

గడువు తేదీ చూసేటప్పుడు ఇంకో చిక్కు. అమెరికా వాళ్ళు ముందు నెల రాసి తర్వాత తేదీ రాస్తారు. 03/04 అంటే మార్చి 4. దాన్ని ఏప్రిల్ 3 అనుకొని మీ అమ్మ ఇంకో నెల దాస్తుంది. మార్కర్ పెన్నుతో తెలుగులో పెద్ద అక్షరాలతో రాసి ఇవ్వండి: ఇది ఏమిటి, ఎట్లా తినాలి, ఎప్పటిలోపు తినాలి, గుడ్డు ఉందా లేదా. ఈ పని చేసినవాణ్ణి నేనింతవరకు చూడలేదు.

తేకూడనివి కూడా చెప్పాలి. మొలకెత్తేది ఏదీ వద్దు. విత్తనాలు, దుంపలు, అంట్లు, పచ్చి పండ్లు. "అక్కడి మిరప విత్తనం మన చేలో వేసి చూద్దాం" అనే సరదా చాలామందికి ఉంది. 2003 నాటి మొక్కల క్వారంటైన్ ఉత్తర్వు ప్రకారం నాటే విత్తనానికి, మొక్కకు పర్మిట్టు, ఆ దేశపు అధికారుల ఆరోగ్య పత్రం ఉండాలి. బాబా బుడన్ పరదేశం నుంచి ఏడు కాఫీ గింజలు దాచి తెచ్చాడన్న కథ చెప్పి నాతో వాదించకండి. ఆయన కాలంలో మన చేలకు ఈ తెగుళ్ళు లేవు. 2021–22లో నల్ల తామరపురుగు మిరప పూతను ఎట్లా ఊడ్చిపెట్టిందో యర్రగొండపాలెం వైపు రైతును అడగండి. ఆ పురుగు ఆగ్నేయాసియా నుంచి వచ్చింది. సూట్‌కేసులో వచ్చిందని నేననను, కానీ పురుగుకు వీసా అక్కర్లేదు. చేలగట్ల మీద మనం పీకుతున్న వయ్యారిభామ కూడా 1950ల్లో అమెరికా గోధుమలతో కలిసి దిగిందనే చెబుతారు. మాంసంతో చేసినవి, ఎండు మాంసం ముక్కలు, సాసేజీలు కూడా మానుకోండి.

తిరుగు ప్రయాణానికి మీ అమ్మ కట్టే మూటలోనూ ఒక ప్రమాదం ఉంది. కోడికూర మసాలాలో పడే గసగసాలు. సౌదీలో, ఎమిరేట్స్‌లో, సింగపూర్‌లో అవి మాదకద్రవ్యాల లెక్కలోకి వస్తాయి. తెలియక తీసుకెళ్ళి జైలుపాలైన భారతీయులున్నారు. మసాలా పొడి కొట్టించేటప్పుడే మరమిల్లు దగ్గర నిలబడి చూసుకోండి. డల్లాస్‌కు కరివేపాకు వద్దు, నిమ్మజాతి తోటలకు తెగులు అంటుతుందని తీసి పారేస్తారు. మెల్‌బోర్న్ వెళ్ళేవాళ్ళు తినేది ఏదున్నా కార్డు మీద రాయండి. రాసి పోగొట్టుకుంటే వస్తువే పోతుంది, రాయకపోతే జరిమానా పడుతుంది. నిప్పట్లు, అరిసెలు, కందిపొడి, శెనక్కాయ కారం చాలాచోట్లకు తీసుకెళ్ళొచ్చు.

మస్కట్‌లో ఉన్నవాళ్ళకు విడిగా ఒక మనవి. అక్కడి బజారులో ఎండు నిమ్మకాయలు రెండు రంగుల్లో ఉంటాయి, నల్లవి, లేత గోధుమరంగువి. లేత రంగువి చారుకు ఎట్లా ఉంటాయో నేనింకా చూడలేదు. ఈసారి వచ్చేవాళ్ళెవరైనా చెరి పావుకిలో తెచ్చి పెడితే డబ్బులిచ్చి తీసుకుంటాను. చాక్లెట్ కలపకండి.

ఇట్లు,
మార్కాపురం నుంచి
మీ మేలు కోరే ఒక పెద్దమనిషి